కొంగు మీద సుగ్గి మనుషులు

మా మరిది ఉరుకుందప్పకు మగ్గం గుంటలో కాళ్లు నిలిచేవి కావు. కాసేపు నేసేవాడు, లేచేవాడు, ఆదోని బాట మీదికి పోయి ఊరికే నిలబడేవాడు. తిరిగి వచ్చాక చూసిందంతా అంచులో దించాల్సిందే. ఉలవ తీగ, పగిలిన పత్తికాయ, తుమ్మకొమ్మ మీద పాలపిట్ట. ఎమ్మిగనూరంతా మామిడి పిందెలు నేస్తుంటే మా ఇంట్లో తుమ్మముళ్లు! నూలు కండెలు చుట్టేది నేనే కాబట్టి ఆ పిచ్చి రంగులన్నీ నా చేతుల మీదుగానే పోయేవి.

యాభై రెండులో వానలు ఎగ్గొట్టాయి. నూలూ కరువైంది. ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి ఆగిపోయింది. దాని మీద నేసే మా ఆయన, ఉరుకుందప్పకు సొంత అన్న, కోసిగి కూలీలతో కలిసి సుగ్గికి పోయాడు. సుగ్గి అంటే ఊరు విడిచి కూలికి వలస పోవడం; ఆయన పోయింది తుంగభద్ర కాలువ మట్టిపనికి. నేతవాళ్ల ఇంట్లో పుట్టి పార పట్టాడని వీధిలో చెవులు కొరుక్కున్నారు. వాళ్ల నోళ్లు పడిపోను! పోయిన మనిషి నుంచి ఒక్క కబురు లేదు.

అప్పుడు రెండో మగ్గం మీద ఉన్నది ఆదోని పత్తి వ్యాపారి పాండురంగయ్య అడిగిన చీర. కొత్త ఇంట్లో చేరే రోజున ఆయన భార్య తులసమ్మ కట్టుకోవడానికి. కొంగు ముందు నేసి, ఆ తర్వాత చీర ఒళ్లు నేయడం మా ఇంటి పద్ధతి. మా మరిదికి కొంగులో ఏం వేయాలో తోచలేదు. “కడాన నేస్తాలే” అని ఒళ్లు మొదలుపెట్టాడు.

సగంలో ఉండగా లేచి ఆదోని పోయాడు. రైలు స్టేషన్లో మూటలు పెట్టుకుని కూర్చున్న సుగ్గి జనాన్ని చూసి వచ్చాడు. ఆనాటి నుంచి మనిషి మనిషిలో లేడు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడు. చివరికి కొంగు దగ్గరికి వచ్చేసరికి పోగులు వేళ్లతో ఎత్తుకుంటూ మనుషులను నేయసాగాడు. తలల మీద మూటలు, చంకల్లో బిడ్డలు, వరుసగా నడిచే జనం.

కండె ఇవ్వబోయి చూస్తే వాళ్లలో ఒకడు మా ఆయనే. ఆ వంగిన మెడ, ఆ బారు చేతులు ఇంకెవరివి? నాకు ఒళ్లు మండింది.

“మీ అన్నను షావుకారమ్మ వీపున యాలాడదీస్తావా? సిగ్గు లేదా నీకు?”

“ఆయమ్మ యాడికి పోయినా మా అన్న కనపడల్ల వదినా. పోయినోళ్లను అందరూ మరిసిపోతాండారు. నేనూ మరిసిపోతానేమోనని బయమైతాంది” అన్నాడు.

కండె అక్కడే పడేసి వంటింట్లోకి పోయి ఏడ్చాను.

చీర ఇచ్చేందుకు వాడు ఆదోని పోతుంటే నేనూ వెంట పోయాను, స్టేషన్లో మా ఆయన కబురేమైనా దొరుకుతుందేమోనని. ఏమీ దొరకలేదు. తులసమ్మ చీర భుజాన వేసుకుని అటు తిరిగింది. ఆమె వీపు మీద మనుషులందరూ తలకిందులుగా వేలాడుతున్నారు! బొమ్మను పాదాల నుంచి పైకి నేస్తాం కాబట్టి, కొంగు మొదట నేస్తే బొమ్మల పాదాలు కొసకు వస్తాయి. చివర నేస్తే కొసకు తలలు వస్తాయి. పుట్టింది మొదలు మగ్గం పక్కనే పెరిగినవాడు, ఆత్రంలో ఆ సంగతే మరిచాడు.

“ఇదేమప్పా! కొత్తింట్లోకి సుగ్గి జనాన్ని తెచ్చేది సాలక, కాళ్లు పైకి కట్టి తెచ్చినావా? తీసకపో” అన్నాడు పాండురంగయ్య. ఆయనను తప్పు పట్టలేను.

ఇల్లు చేరగానే మరిది కత్తెర తీశాడు.

“కోసేస్తా వదినా. నా సేతులతోనే మా అన్నను తలకిందులు సేసినా.”

“కత్తెర పెట్టినావంటే సూడు!” అని చీర లాక్కున్నాను. ఉన్నపళంగా కట్టుకున్నాను.

“తీసేయి వదినా. ఈదిలో నవ్వుతారు.”

“నవ్వనీ. నా మొగుడు, నా వీపు!”

కోపమో దుఃఖమో, కళ్లు నిండిపోయాయి. తుడుచుకుందామని కొంగు ముందుకు లాక్కుని, కొస పట్టుకుని మొహం దగ్గరికి ఎత్తాను. నా చేతుల్లో మనుషులు నిటారుగా నిలబడి ఉన్నారు. తలలు పైకి, పాదాలు నేలకు. మా ఆయన నడుస్తున్నాడు.

“ఉరుకుందప్పా, ఈడికొచ్చి సూడు” అన్నాను.

వాడు నా పక్కకు వచ్చి, నేను చూసిన వైపు నుంచే చూశాడు.

“పోతాండాడా వదినా, వస్తాండాడా?” అని అడిగాడు.

నేసినవాడు నన్ను అడుగుతున్నాడు! నాకేం తెలుసు? కళ్లు తుడుచుకుంటే ఆ మనుషులు తడుస్తారని, కొంగు అలాగే ఎత్తి పట్టుకున్నాను.