అత్తగారి పువ్వొత్తులు

మా ఆయన్ని గుండె ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లిన పొద్దున, రాజమండ్రి ఆసుపత్రి వరండాలో మా అత్తగారు స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకుని మూత తీశారు. టిఫిను తెచ్చారనుకున్నాను. చూస్తే దూది!

"గ్యారంటీ ఇవ్వలేమమ్మా, మా ప్రయత్నం మేం చేస్తాం" అని డాక్టరుగారు చెప్పి అట్టేసేపు కాలేదు. అత్తగారికున్నది ఒక్కగానొక్క కొడుకు. ఈవిడేమో తీరుబడిగా దూది విడదీసి, వేళ్లకి విభూతి అద్దుకుని, కొస నులిమి పువ్వొత్తులు చేస్తున్నారు. కార్తీకమాసం దగ్గర పడుతోంది, నిజమే. కానీ ఇప్పుడా? ఇక్కడా?

నాకు అసలే ముక్కు మీద కోపం. కాలుగాలిన పిల్లిలా వరండా అంతా తిరుగుతూ, ఆపరేషన్ థియేటర్ తలుపు కదిలినప్పుడల్లా అటు పరుగెత్తుతూ, చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

"మీకు భయం లేదాండీ?"

ఆవిడ తలెత్తలేదు. "భయం లేకేంటమ్మా! పొద్దుటి నుంచి కడుపులో చెయ్యిపెట్టి దేవేస్తున్నట్టుంది. చేతుల్లోకి మాత్రం రానివ్వట్లేదు. వచ్చిందంటే వత్తి నిలబడదు."

పువ్వొత్తికి అడుగున గుండ్రంగా దూది, పైన సన్నటి మొన ఉంటాయి. ఏ ఆసరా లేకుండా ప్రమిదలో నిటారుగా నిలబడాలి. నా చేతిలోనూ కాస్త దూది పెట్టారు. విసుక్కుంటూనే ఒకటి చేసి మూతలో పెట్టాను. పక్కకి ఒరిగిపోయింది. ఆవిడవన్నీ ఫ్యాను గాలికి కూడా చలించకుండా బారులు తీరి ఉన్నాయి.

"అబ్బో, నీ వత్తికి అప్పుడే నిద్దరొచ్చిందే!" అన్నారు.

నవ్వొచ్చింది నాకు. ఆ వరండాలో, ఆ వేళ!

మళ్లీ చేశాను, మళ్లీ పడింది. ఎప్పటికో ఒకటి నిలబడింది. అంతసేపూ నేను ఆ తలుపు వంక చూడనేలేదని అప్పుడు గానీ తెలియలేదు. భయం ఎక్కడికీ పోలేదు, పక్కనే ఉంది. ముడతలు పడ్డ ఆవిడ వేళ్లనే చూస్తూ ఉండిపోయాను. ఏ గుడిలోనూ నాకంత భక్తి కలగలేదు.

మధ్యాహ్నం దాటాక డాక్టరుగారు బయటికొచ్చారు. "బాగా జరిగిందండి. సాయంత్రానికి తెలివొస్తుంది" అన్నారు.

నేను భోరుమన్నాను. అత్తగారు ఆయనకి దండం పెట్టబోయారు. చేతులు కలవలేదు. రెండూ గడగడా వణికిపోతున్నాయి. మంచినీళ్లిస్తే సగం చీర మీదే ఒలికాయి. ఇంత వణుకునీ పొద్దుటి నుంచీ ఎక్కడ ఆపి ఉంచిందో ఆ తల్లి!

డబ్బాలో ఇంకాస్త దూది మిగిలింది. ఒక పాయ తీసి నులమబోయారు గానీ వేళ్లకి పట్టు చిక్కలేదు.

"ఇంక నా వల్ల కాదమ్మాయ్, మిగిలినవి నువ్వు చేసెయ్" అని నా భుజం మీద తల వాల్చేశారు.

చేశాను. అన్నీ నిలబడ్డాయి.