మూతులు కట్టుకుని ఆడిన ఆట

ఫుట్‌బాల్ ఆట మొదలై నిమిషం కాలేదు. మా జట్టులోని కండె వెనక్కి తన్నిన బంతి తాపీగా దొర్లుకుంటూ వచ్చి, గోల్ కాస్తూ కుడివైపు దూకిన మా మామకు ఎడమవైపు నుంచి మా గోల్‌లోకే వెళ్లింది. ఎదుటి జట్టువాళ్లు చప్పట్లు కూడా కొట్టలేదు. మావాళ్లకు ఒంట్లో బాగాలేదేమోనని చూస్తూ నిలబడిపోయారు. ఆ కరోనా రోజుల్లో నిర్ఘాంతపోవడం మాకు కొత్తేమీ కాదు. పొద్దున లేస్తే ఏదో ఒక కబురు విని నోరు తెరిచేవాళ్లం, తెరిచిన నోరు మాస్కు చాటున ఉండేది కాబట్టి పరువు దక్కేది. కానీ ఆ ఆదివారం సూరత్‌లో, పెళ్లిళ్లు లేక మూతపడ్డ ఒక ఫంక్షన్ హాల్లో, తివాచీలు చుట్టేసిన నేల మీద చూసినంత దిగ్భ్రాంతి తర్వాత పత్రికల్లో ఎన్ని చూసినా నాకు మళ్లీ ఎదురుకాలేదు. (దానికి కారకుణ్ణి నేనేనని అప్పటికి నాకే తెలియదు.)

మా మేనమామ సూరత్ పక్క జోల్వాలో ఒక సేఠ్ దగ్గర సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. చాలా ఏళ్ల కిందట, వానాకాలం వీధులు మునిగినప్పుడు, కొన్ని సాంచెలు తీసేసిన షెడ్డు మూలలో మామా వాళ్లూ బంతి తన్నడం మొదలుపెట్టారు. సేఠ్‌కు ముచ్చటేసింది. ఐదుగురిని ఏరి, గోడల మీద సున్నంతో గోల్స్ గీయించి, ఆడినందుకు నెలనెలా పగార్ ఇచ్చాడు. అలా మా మామ నేతగాడిగానే ఉంటూ వృత్తి ఆటగాడు కూడా అయ్యాడు. తర్వాత ఆ మూలలోకి కొత్త సాంచెలు వచ్చాయి, జట్టు పోయింది. మళ్లీ లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగి, సగం తుక్కుకు పోయి, పనివాళ్లంతా ఊళ్లు పట్టుకున్నాక, సేఠ్ ఎన్ని ఫోన్లు చేసినా ఎవరూ రాలేదు. అప్పుడాయనకు బంతి గుర్తొచ్చింది. "టీం ఫిర్ సే బనాతే హై, ఆ జావ్" అని, జట్టు మళ్లీ కడదాం వచ్చెయ్యమని మామకు ఫోన్ చేశాడు. కరీంనగర్ దిక్కు ఊళ్లో ఖాళీగా ఉన్న మామ నలుగురిని ఒప్పించి, వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లలో ఒకడు కండె. దారం చుట్టే కండెలా సన్నగా ఉంటాడు, పరుగు మాత్రం సాంచె మీది పరుగే.

టోర్నమెంటుకు ముందు సేఠ్ షరతు చెప్పాడు. "జీతే తో షెడ్ తుమ్హారా, సాల్‌భర్ పగార్. హారే తో సాడీ కా గోదాం." గెలిస్తే షెడ్డు జట్టుది, పైగా ఏడాది జీతం. ఓడితే చీరల గోదాం. మామ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. "నా మాట మీద నలుగురు ఇల్లు ఇడిసి వచ్చిండ్రు అల్లుడా. గోదాం అయితే ఆళ్లకు ఏ మొఖం చూపియ్యాలె?" అన్నాడు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. సూరత్‌లో ఒక గుజరాతీ దినపత్రికలో శిక్షణలో చేరిన కొత్త, పేజీలు తగ్గాయని నన్ను ఇంటి దగ్గరే ఉండమన్నారు. గుజరాతీ చదవగలనన్న ఒకే అర్హతతో నన్ను జట్టుకు మేనేజరు చేశారు. ఆట రోజు పొద్దున నిర్వాహకులు నా చేతికి నియమాల కాగితం ఇచ్చారు. హాల్లో అడుగుపెట్టినవారంతా మాస్కు ధరించి తీరాలి. నేను గొంతు సవరించుకుని చదివి వినిపించాను.

"ఉరుకుతాంటె సుత కట్టుకోవాల్నా?" అన్నాడు కండె.

"ఉరికినా, నిలవడ్డా. రూలంటే రూలే."

మామ నా వంక అదోలా చూశాడు. "గిట్ల మూతులు కట్టుకుంటే ఎట్ల మాట్లాడుకుంటం రా?"

నవ్వాను. అదీ నా తెలివి. సాంచెల మోతలో గొంతు పనికిరాదు. అక్కడ టీ కావాలన్నా, దారం తెగిందన్నా, ఊళ్లో ఎవరో పోయారన్నా పెదవులతోనే చెప్పుకుంటారు. ఇరవై బారల దూరం నుంచి కూడా చదివేస్తారు. (గోడాదరా ఇంట్లో మా అత్తయ్య మామను తిట్టేది కూడా అలాగే, చప్పుడు లేకుండా. పక్కింటివాళ్లు వాళ్లది అన్యోన్య దాంపత్యమనుకునేవారు.) షెడ్డులో నేర్చిన ఆట కూడా పెదవుల మీదే నడిచేది. ఆ పెదవులకు నేను గుడ్డ కట్టించాను.

సగం ఆట ముగిసేసరికి నాలుగు–సున్నా. పెళ్లికొడుకు సింహాసనం పక్కన కూర్చున్న సేఠ్ కళ్లు మాస్కు పైన రెండు రూపాయి బిళ్లల్లా నిలిచిపోయాయి. నేను మాత్రం ధీమాగా ఉన్నాను. ఎందుకంటే ఎదుటి జట్టులో ఒక్కడికీ మాస్కు లేదు! రూలు తప్పనీ, చివర్లో ఫిర్యాదు పెట్టి ఆటంతా మనదే అనిపిద్దామని కాగితం మడిచి జేబులో దాచాను. విరామంలో మామ మాస్కు కిందికి లాగి, రొప్పుతూ అడిగాడు. "ఏంది అల్లుడా, ఆళ్లకున్నయి మూతులు, మాకే లెవ్వా?" ఇక ఆగలేక, సింహాసనం మీద కూర్చున్న నిర్వాహకుడి దగ్గరకు వెళ్లి కాగితం చూపించాను. పెద్దాయన దాన్ని అందుకుని, తిరగేసి, నా చేతికే ఇచ్చాడు. "పాఛళ్ పణ్ వాంచ్, భాయ్." వెనక కూడా చదవమని. వెనక ఒకే వాక్యం ఉంది. ఆడుతున్న ఆటగాళ్లకు ఈ నియమం వర్తించదు.

మావాళ్లు మాస్కులు తీసి దిగాక జరిగింది చూసి హాలంతా మళ్లీ కొయ్యబారింది. ప్రేక్షకులు లేని ఆ నిశ్శబ్దంలో ఎదుటివాళ్లు ఒకరినొకరు కేకలు వేసి పిలుచుకుంటున్నారు. మావాళ్ల నుంచి కిక్కురుమనే చప్పుడు లేదు. గోల్ దగ్గర మామ పెదవులు కదులుతున్నాయి. ఎడమకు. ఇడిసిపెట్టు. ఇప్పుడు. బంతి ఎక్కడికి పోతుందో ఎదుటివాళ్లకు వెళ్లాక గాని తెలియడం లేదు. ఒకటి, రెండు, మూడు గోల్స్. నాలుగోది కొట్టింది కండె. ఆఖరి నిమిషంలో బంతి మళ్లీ వాడి కాలికే దొరికింది, ఎదురుగా గోల్‌కీపరు తప్ప ఎవరూ లేరు. నా ప్రాణం ఊరుకోలేదు. లేచి నిలబడి అరిచాను.

"కండే, తన్ను!"

ఆటలో వాణ్ణి గొంతుతో పిలిచినవాడు అంతవరకూ లేడు. కండె ఉలిక్కిపడి, ఎవరికేమైందోనని నావైపు తిరిగాడు. బంతి వాడి కాలి పక్కనుంచి జారి గోడకు తగిలింది. ఈల మోగింది.

సేఠ్ షరతులో గెలుపుంది, ఓటముంది, సమానం లేదు. వచ్చే ఆదివారం మళ్లీ ఆడాలన్నారు. బయటికి వస్తూ మామ, "గెలిస్తె ఓ తొవ్వ, ఓడితె ఓ తొవ్వ. గిదేంది అల్లుడా, నడిమిట్ల నిలవెడితివి?" అన్నాడు. ఆ ఆదివారం వెళ్లేసరికి హాలు తలుపుకు తాళం, దాని మీద కాగితం. కేసులు పెరిగినందున తదుపరి ప్రకటన వరకు ఆట వాయిదా. ఐదుగురూ దాని ముందు నిలబడ్డారు. నేను అంటించిన కాగితం అంచు మెల్లగా లేపి వెనక వైపు చూశాను. ఏమీ లేదు.

మామ మాట మీద వచ్చిన నలుగురికీ ఆ తర్వాత తలో కార్ఖానాలో సాంచెలు దొరికాయి, మామకూ దొరికాయి. నాకు పత్రికలో ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలు, పెళ్లిపత్రిక ఇచ్చినా తిరగేసి చూస్తానని నన్ను చూసి చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. జోల్వా షెడ్డును సేఠ్ జట్టుకూ ఇవ్వలేదు, గోదామూ చేయలేదు. లోపల గోడల మీద సున్నం గోల్స్ అలాగే ఉన్నాయట. స్కోరు నాలుగు–నాలుగు. ఆ తదుపరి ప్రకటన ఇంతవరకూ రాలేదు.