ముహూర్తం గౌనూ తెల్ల బొద్దింకా

సినిమా బట్టల పనికి నేను ఎక్కడా చదువుకుని రాలేదు. మోతీనగర్‌లో జాకెట్లు కుడుతూ కుడుతూ ఫిల్మ్ నగర్ చేరాను. కొలతల లెక్క సొంతంగా పట్టుబడింది. పిల్లల బట్టల్లో లోపల ఎంత గుడ్డ వదలాలో, ఏ ఈడు పిల్ల ఎటు పెరుగుతుందో చూసి చెప్పగలను. యూనిట్‌లో ఈ లెక్కకే నాకు పేరు.

ఆ సినిమాలో హీరో కూతురిగా వేసిన పాపకు తొమ్మిదేళ్లు. వాళ్లది భీమవరం వైపు. పాప సినిమాల కోసమే తల్లి ఇద్దరు ఆడపిల్లలతో శ్రీనగర్ కాలనీలో అద్దెకు దిగింది. మొదటి రోజు పూజలో దేవుడి పటాల ముందు ఉంచి, కుంకుమ పెట్టి పాపకు తొడిగిన పసుపు గౌను నేను కుట్టిందే. మామూలుగా ఒక్కో డ్రెస్సూ రెండో మూడో కుడతాం, తడిసినా చిరిగినా షూటింగ్ ఆగకుండా. ఈ గౌనుకు మాత్రం డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. ముహూర్తం షాట్‌లో వేసిన బట్టే క్లైమాక్స్‌లో ఉండాలని ఆయన సెంటిమెంటు. దానికి జత ఉండకూడదు, అతుకు పడకూడదు. ఆడిన సినిమాలన్నిటికీ అలాగే చేశానన్నారు. ఆడనివాటికి ఏం చేశారో ఎవరూ అడగలేదు.

తొలి షెడ్యూల్లో ఒక అల్లరి సీను ఉంది. పాప స్కూలు బ్యాగులోంచి బొద్దింకలు బయటికి వచ్చి టీచరు మీదికి పాకాలి. ఆర్ట్ డిపార్ట్‌మెంటు వాళ్లు పెంపుడు జంతువులు అమ్మేవాడి దగ్గర విదేశీ రకం తెచ్చారు. రెక్కల్లేవు, బొటనవేలంత పొడవు, ముట్టుకుంటే బుస కొడతాయి. సీను అయ్యాక మిగతావాటిని అమ్మినవాడు తీసుకుపోయాడు. పొట్ట లావుగా ఉన్నదొకటి కావాలని పాప పట్టుబట్టింది. తల్లి ఇంట్లోకి రానివ్వనంది. అలా ఆ ప్లాస్టిక్ డబ్బా ప్రొడక్షన్ ఆఫీసు సెల్లార్‌లో, నా కుట్టు మిషన్ పక్కన చేరింది. కొన్నాళ్లకే ఆ బొద్దింక డబ్బా నిండా పిల్లల్ని పెట్టింది.

అదే సమయంలో హీరోకు మోకాలు దెబ్బతిని షూటింగ్ ఆగిపోయింది. మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

గౌను పట్టాలంటే పిల్ల పెరగకూడదు. తల్లికి అది నాకంటే ముందే తెలిసింది. ప్రతి ఆదివారం ఇద్దరు పిల్లల్నీ తీసుకుని సెల్లార్‌కు వచ్చేది. పెద్దదానికి గౌను తొడిగి చూసేవాళ్లం. ఏడేళ్ల చిన్నది మెట్ల మీద కూర్చుని ఉస్మానియా బిస్కట్లు తింటూ అక్క డైలాగులన్నీ పలికేది. మొదట్లో నడుము దగ్గర అర అంగుళం వదులు చేశాను. తర్వాత భుజాల దగ్గర విప్పాను. ఇంకో నెలకు కింద మడత కూడా దింపేశాను. నేను లోపల వదిలిన గుడ్డంతా అయిపోయింది.

"ఇంకేమైనా ఉందా అక్కా?" అని తల్లి అడిగింది.

"ఒక్క కుట్టు మందం గూడ లేదు మేడమ్. ఇగ పిల్లనే తగ్గాలె."

నవ్వుతూనే అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ వారం నుంచి పాపకు రాత్రి అన్నం మానిపించింది. తర్వాత పాలు, ఆ తర్వాత పెరుగు. తిండి మానితే లావు తగ్గుతుందేమో గాని ఎముక ఆగదని నేను చెప్పాను. "మీరు కొలతలు చూడండి అక్కా, పెంపకం నేను చూసుకుంటాను" అంది.

బొద్దింక పిల్లల పెరుగుదల నా లెక్కకు కొత్త. మనుషుల పిల్లలు దారప్పోగంత, దారప్పోగంత పెరుగుతారు. వీటి పైచర్మం గట్టిది, సాగదు. వారాల తరబడి స్కేలు పెడితే అదే కొలత. ఒకరోజు వీపు మీద చీలిక పడుతుంది. అందులోంచి పాల మీగడ రంగులో మెత్తటి పురుగు బయటికి వస్తుంది. నల్లటి కళ్లు తప్ప ఒళ్లంతా తెలుపు. గాలి మింగి ఒళ్లు ఉబ్బించుకుని, అప్పటికప్పుడు పాత కొలత దాటిపోతుంది. కొన్ని గంటలకు రంగు ముదిరి, చర్మం గట్టిపడుతుంది. విడిచిన తొడుగును అదే తినేస్తుంది. ఇలా ఆరుసార్లు విడిస్తే గాని పెద్దది కాదు. తొడుగులు తినేలోపు ఒకటి రెండు లాక్కుని కొలిచాను. కుట్టు విప్పినట్టు సరిగ్గా నడి వీపున చీలి ఉండేవి. అంత శుభ్రంగా నా కత్తెర కూడా చీల్చదు.

పాప ఇదంతా చూసేది. ఒక ఆదివారం ఇంకో డబ్బా అడిగి, సగం పిల్లల్ని అందులోకి మార్చింది. వాటికి కేరట్ ముక్క తప్ప ఏమీ వేయవద్దంది. మొదటి డబ్బాలోవాటికి చేపల మేత, అరటిపండు. ఎందుకని నేను అడగలేదు.

కడుపు మాడ్చిన డబ్బాలోవి చిన్నవిగానే మిగిలాయి. రెండో డబ్బా చూపిస్తూ పాప తల్లితో, "పెరగలేదమ్మా, చూడు" అంది. తల్లి ఆ డబ్బా వైపు మొదటిసారి ఇష్టంగా చూసింది.

కాని ఆలస్యంగానైనా చర్మం విడవక తప్పదు. తర్వాతి వారం వాళ్లు వచ్చేసరికి ఆ డబ్బాలో ఒకటి తెల్లగా బయటికి వస్తోంది. సగం తొడుగులోనే ఉంది. మిగతావి చుట్టూ చేరాయి. మొదట మీసాలతో తడిమాయి. తర్వాత ఒకటి కాలు కొరికింది. అది బుస కొట్టలేకపోయింది. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి రెండు మొదలుపెట్టాయి. చిన్నది బిస్కట్ తినడం ఆపి ఏడుపు మొహం పెట్టింది. పెద్దది డబ్బా మూత పక్కన పెట్టి ఇంకా దగ్గరగా వంగింది.

"మెత్తగా ఉంది కదా ఆంటీ. అందుకే తింటున్నాయి."

"ఆకలికి తింటున్నయి బిడ్డా."

"మెత్తగా లేకపోతే తినవుగా" అంది.

వేరుగా తీసిపెడదామా అని అడిగాను. వద్దంది. రెండు కాళ్లు మిగిలేదాకా చూసింది.

హీరో మోకాలు బాగైందని కబురు వచ్చింది. క్లైమాక్స్‌కు స్టూడియోలో సెట్ వేశారు. పాప నడుము బాగా తగ్గింది, బుగ్గలు లోపలికి పోయాయి. ఛాతీ ఎముకలు, భుజాలు మాత్రం గౌను దాటేశాయి. నేను అక్కడికి వెళ్లకముందే చెప్పగలిగేదాన్ని. ఎవరూ అడగలేదు. మేకప్ గదిలో తల్లి పాప భుజాలు వెనక్కి పట్టుకుని ఊపిరి వదిలేయమంది. జిప్పు నేను లాగాను. పైదాకా వచ్చింది. పాప పెదవులు తెల్లబడ్డాయి.

డైరెక్టరు గారు వచ్చి చూసి సంతోషించారు. "బాగుందమ్మా. ఇప్పుడు పరిగెత్తుకొచ్చి నాన్నా అని గట్టిగా అరవాలి. ఒకసారి అను."

పాప అనలేదు. ఊపిరి పీలిస్తే ఏమవుతుందో దానికి తెలుసు. తల్లి కళ్లెర్ర చేసింది. పాప నోరు తెరిచి "నాన్నా" అంది. జిప్పు నడి వీపున పళ్లు విడిచి కిందిదాకా తెరుచుకుంది.

గదిలో ఎవరో నవ్వారు. డైరెక్టరు గారు వంగి గుడ్డ చూశారు, చిరగలేదు. "హమ్మయ్య, గౌనుకేం కాలేదు" అన్నారు. జిప్పు మార్చడానికి ఆయనకు అభ్యంతరం లేదు. గుడ్డ కలపడానికే ఒప్పుకోరు. నా వైపు తిరిగి, ఈ పిల్లకు ఇది పట్టే మార్గం ఏమైనా ఉందా అని అడిగారు. లేదన్నాను. ఇంకో వారం ఆగితే అన్నారు. వారం ఆగితే ఇంకొంచెం పెరుగుతుందన్నాను. నా లెక్క అది. ఎప్పుడూ తప్పలేదు.

ఆయన ఆలోచిస్తుండగానే తల్లి మూలనున్న చిన్నదాన్ని ముందుకు తోసింది.

"దీనికి డైలాగులన్నీ వచ్చండీ. మొహం కూడా అక్కదే కదండీ. దూరం షాట్లకు తేడా తెలియదు."

అంతకుముందు తీసినవాటిలో పాప మొహం దగ్గరగా పడ్డవి తక్కువే. అవి తర్వాతి షెడ్యూల్లో చిన్నదానితో మళ్లీ తీద్దామని ఆయన అక్కడే తేల్చేశారు. చిన్నదాని వీపు తట్టి వెళ్లిపోయారు. పెద్దదానితో ఆయన ఏమీ అనలేదు. గౌను విప్పితే బనీను మీదినుంచే దాని పక్కటెముకలు కనిపించాయి. ప్రొడక్షన్ వాళ్లు పులిహోర ప్లేటు ఇస్తే, తల్లి ఈసారి వద్దనలేదు.

చిన్నదాన్ని స్టూలు మీద నిలబెట్టి గౌను తొడిగాను. నడుము దగ్గర రెండు అంగుళాలు వదులు. గుండుసూదులు పెడుతుంటే అది అక్క వైపు చూసి, "అంత గట్టిగా అరవడం నాకు రాదే, ఎలాగో నువ్వు చెప్పవే" అంది.

పెద్దది పులిహోర నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది. చెల్లిని పైనుంచి కిందిదాకా చూసింది. అది చిన్నదాన్ని చూసిన తీరు నాకు కొత్త కాదు, డబ్బా మీదికి వంగినప్పుడు చూసిందే.

"అమ్మా, దీనికి రాత్రి అన్నం ఇవాళే మానిపించు. నాకు లేటుగా మానిపించావు."

 తల్లి చిన్నదాని చేతిలోని బిస్కట్ పొట్లం తీసుకుని బ్యాగులో వేసుకుంది. చిన్నది ఏడవబోయి, ఏడిస్తే మేకప్ నిలవదని మేకప్ వేసే ఆమె అంటే ఊరుకుంది.

నేను చివరి సూది పెట్టాను. లోపలికి మడిచిన గుడ్డను తల్లి వేలితో తడిమి చూసింది.

"ఇది ఎన్నాళ్లకు సరిపోతుంది అక్కా?"

చిన్నదాని భుజం వెడల్పు, మణికట్టు చూసి లెక్క చెప్పాను.