వెనక గుమ్మం చూడని రోజు

పెద్ద నగరంలో మాంసం ముట్టని మనిషికి మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందన్నది అందరి సమస్యా కాదు గానీ, ఆ సమస్య ఉన్నవాడికి మాత్రం అంతకు మించిన సమస్య లేదు. పూర్వపు యాత్రికుల డైరీలు తిరగేయండి. కోటల వర్ణన రెండు పేజీలుంటే తిండి గురించిన ఏడుపు నాలుగు పేజీలుంటుంది. కొన్ని ఊళ్లలో చేపను కూరగాయల్లో కలిపేస్తారు. కొన్నిచోట్ల గిన్నెలోంచి ముక్కలు ఏరేసి మన ముందు పెట్టి, "ఇంకేం, తినండి" అంటారు, మనకేదో మేలు చేసినట్టు. అందుకే ఆ నగరంలో శాకాహారుల సంఘం ఏటా అచ్చువేసే జేబు పుస్తకానికి అంత గిరాకీ. ఏ వీధిలో, ఏ మలుపులో నమ్మి తినొచ్చో అందులో ఉంటుంది.

ఆ పుస్తకం కోసం ఊరంతా తిరిగి తినివచ్చే మనిషిని అందరూ వాసన మాస్టారు అంటారు. ఆయన ఏ బళ్లోనూ పాఠం చెప్పలేదు. ముప్పై ఏళ్లు నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగం చేశాడు. మీటర్లు ఇళ్ల వెనకే ఉంటాయి కనుక నగరాన్ని ఆయన వీపు వైపు నుంచే ఎరుగును. ఎవరి ముందు గదిలో ఏ సోఫా ఉందో తెలియదు గానీ, ఎవరి వంటింట్లో ఏం మాడిందో చెప్పగలడు. రిటైరయ్యాక సంఘంవాళ్లు ఈ పని అప్పజెబితే ఆ అలవాటునే పద్ధతి చేసుకున్నాడు. ముందు గుమ్మంలోంచి వెళ్లి మామూలు మనిషిలా తినడం, చెయ్యి కడుక్కుని వెనక సందులోకి నడవడం, వంటింటి గుమ్మంలో నిలబడి గిన్నెల్లోకీ చెత్తబుట్టలోకీ తొంగిచూడడం. అలా చూడనిదే ఏ పేరునూ పుస్తకంలోకి ఎక్కనివ్వడు.

ఒక్కసారి చూడలేదు.

ఆయన్ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి ఆయనకు మూడేళ్లు, అక్కకు పద్నాలుగు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అక్క మాంసం ముట్టలేదు. పెద్దలెవరో వద్దన్నారని కాదు. చంకనెత్తుకు తిరిగిన కోడిపిల్ల ఒకనాడు కంచంలోకి వస్తే లేచి వెళ్లిపోయింది, అంతే. పెళ్లయిన ఏడాదికి బావ కూడా మానేశాడు. "మానకపోతే వంటింట్లో నేనొక్కణ్ణే మిగిలేలా ఉన్నాను" అని నవ్వించేవాడు.

ఆఖరి ఏడాది అక్కకు ఏదీ ఇమడలేదు. నాలుగు చెంచాలు తాగితే మొత్తం కక్కేసేది. మాస్టారు ఊరు గాలించి గాలించి, రైల్వే స్టేషను వెనక ఆరు బల్లల హోటలు ఒకటి పట్టాడు. కూరగాయల సూప్. తాగాడు, బాగుంది. ఫ్లాస్కులో పోయించుకుని వెనక సందు వైపు రెండడుగులు వేశాడు కూడా. సూప్ చల్లారిపోతుందేమోనని ఆగి, వెనుదిరిగి బస్సెక్కేశాడు.

అక్క గిన్నెడు తాగింది. కక్కలేదు. "ఇంకొంచెం పొయ్యరా" అంది.

వెనక గుమ్మం రేపు చూద్దాంలే అనుకున్నాడు. అక్క పోయేదాకా, అయిదు నెలలపాటు రోజూ ఫ్లాస్కు నింపుకుపోయినా, ఆ రేపు రాలేదు. ఈలోగా హోటలు పేరు పుస్తకంలోకి ఎక్కింది.

"ఏం వేస్తార్రా ఇందులో? ఇంత కమ్మగా ఉందేం?" అని అడిగేది అక్క.

"కూరగాయలేనే."

"ఒట్టు?"

"ఒట్టు. మొదలెట్టావూ నీ విచారణ! తాగు."

అక్క పోయిన రెండు నెలలకు, కొత్త పుస్తకం కోసం తిరుగుతూ, ఆ వెనక గుమ్మంలో నిలబడ్డాడు. పెద్ద గుండిగ ఉడుకుతోంది. వంటవాడు గరిటె పైకెత్తాడు. గరిటెలో ఎముకలున్నాయి. మాస్టారు అటునుంచటే వచ్చేశాడు.

అప్పటినుంచీ ఆయన ఇంట్లో, పొయ్యి వెలిగించని పూట కూడా, ఆ సూప్ వాసన వస్తోంది. కిటికీలు తెరిచినా పోదు, మూసినా పోదు. ఏ హోటల్లో కూర్చుని చెంచా నోటి దగ్గరికి తెచ్చుకున్నా, చెవి పక్కన ఎవరో "ఒట్టు?" అన్నట్టుంటుంది. ఒకసారి గట్టిగా "ఒట్టు" అనేశాడు. పక్క బల్లవాళ్లు కుర్చీలు అవతలికి జరుపుకున్నారు.

పుస్తకానికొక నియమముంది. ఏ పేరైనా తీసేస్తే, అక్కడి తిండి ఎప్పటినుంచి నమ్మదగనిదో చివరి పేజీలో వేస్తారు. తిన్నవాళ్లకు తాము తిన్నదేమిటో తెలియాలి కదా. "ఈ నెల నుంచి" అని వేస్తే చాలు, అక్క అంతకుముందే పోయింది, ఏ మచ్చా ఉండదు. "మొదటి నుంచీ" అని వేస్తే బావకు తెలిసిపోతుంది. బావ పుస్తకం చేతికి రాగానే చివరి పేజీయే ముందు చూస్తాడు. పైగా రోజూ మధ్యాహ్నం ఆ హోటలుకే పోయి, అక్క పేరు తలుచుకుని ఒక గిన్నె తాగి వస్తున్నాడు.

"మాస్టారూ, చివరి పేజీలో ఆ ఒక్క గడీ ఖాళీగా ఉంది" అన్నాడు ప్రెస్సాయన ఫోనులో.

"రేపు చెబుతా."

"మీ రేపులకి నా మిషను తుప్పు పట్టేలా ఉంది సార్."

మాస్టారు ఫోను పెట్టేసి, ప్రూఫు కాగితం తీసుకుని, ఆ గడిలో "మొదటి నుంచీ" అని రాశాడు. కింద "పరీక్షించినవాడి తప్పు" అని కలిపాడు. ప్రెస్సుకు కాకుండా తిన్నగా బావ ఇంటికి వెళ్లాడు.

బావ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "సమయానికొచ్చావ్. పద, ఇద్దరం వెళ్లి తాగొద్దాం."

"ముందిది చదువు బావా."

బావ కళ్లజోడు తగిలించుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"మొదటి నుంచీ అంటే?"

"మొదటి గిన్నె నుంచీ. నేను వెనక్కి వెళ్లి చూడలేదు. మర్నాడు చూద్దామనుకున్నా. తర్వాత... చూడాలంటే భయమేసింది. అక్క తాగుతోంది కదా బావా."

బావ తిట్టలేదు. తిడితే బాగుండునని మాస్టారు నిలబడే ఉన్నాడు. మూడో గుండీ పెట్టుకోవడం మరిచిపోయి, "నడు, చూపించు" అన్నాడు బావ.

వెనక సందులో వంటవాడు వీళ్లను చూసి మొహం నిండా నవ్వాడు. "పెద్దాయనా! ఇటొచ్చారేం? ముందు కూర్చోండి, పంపిస్తాను."

"ఇందులో ఎముకలు వేస్తావా?" అన్నాడు బావ.

"వేస్తానండీ. ముక్క మాత్రం ఒక్కటి పడనివ్వను, మీలాంటివాళ్లు వస్తారు కదా. ఉత్త ఎముకలు మాంసం కాదు కదండీ."

"మా ఆవిడకి పంపించింది ఇదేనా?"

"ఇదేనండీ. కాకపోతే ఆ అమ్మకి ఒంట్లో బాగాలేదని ఈయన చెప్పారు కదా, అందుకని పైపైది పొయ్యలేదండీ. అడుగు నుంచి తీసి, చిక్కగా, సారమంతా ఆ అమ్మకే పోసేవాణ్ణి. ఎలా ఉన్నారిప్పుడు?"

బావ ఆ గుండిగలోకి తొంగిచూశాడు. ఆ తర్వాత వంటవాడి భుజం మీద చెయ్యేసి, "నీ తప్పు లేదు నాయనా" అన్నాడు.

ఇద్దరూ రోడ్డు మీదికొచ్చారు. స్టేషను గోడ చివర బావ ఆగి, చేతిలో మడతపెట్టుకున్న ప్రూఫు కాగితం తిరిగి ఇచ్చాడు.

"రాసింది రాసినట్టే వేయించు" అన్నాడు. "నాకైతే చెప్పావు. మీ అక్కకెవరు చెబుతార్రా?"

మాస్టారు కాగితం జేబులో పెట్టుకుని తల ఎత్తాడు. బావ అప్పటికే రోడ్డు దాటుతున్నాడు.