దేవుడి పటం ముందా, బీరువా ముందా

మా బావ ఒక్కడే కూర్చుని చేసిన కంప్యూటర్ ఆట నాకు మొదటిసారి చూసినప్పుడే నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. ఈ మాట ముందే చెప్పేస్తే, చివరికి వీడు మనసు మార్చుకుంటాడేమో అని ఎవరూ ఆశపడకుండా చదువుకోవచ్చు.

బావ అంటే మా చెల్లెలి మొగుడు. ఆయన నన్ను బావా అంటాడు, నేనూ ఆయన్ని బావా అంటాను. అందువల్ల మేమిద్దరం పోట్లాడుకుంటుంటే పక్క గదిలో ఉన్నవాళ్ళకు ఎవరు ఎవరిని తిడుతున్నారో తెలిసేది కాదు. ఆయనది గుంటూరు వైపు. బెంగుళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద అద్దాల మేడలో ఉద్యోగం. మాది తాతల నాటి నుంచి బెంగుళూరులోనే పాతుకుపోయిన తెలుగు ఇల్లు. నేను ఎనిమిదో తరగతిలోనే బడికి ఒక దండం పెట్టి బయటికొచ్చాను. నా వాటా చదువు కూడా మా చెల్లెలే చదివేసింది. చదివినందుకు మంచి ఉద్యోగం వచ్చింది, ఆ ఉద్యోగంలో ఈ బావ దొరికాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇంకా అందరి ఇళ్ళలోకి కంప్యూటర్లు రాని రోజుల్లో, మహదేవపురలో నాకొక ఇంటర్నెట్ సెంటరు ఉండేది. ఈమెయిళ్ళు చూసుకునేవాళ్ళు ఉదయం వచ్చేవాళ్ళు. తుపాకులతో కాల్చుకునే ఆటలు ఆడేవాళ్ళు మధ్యాహ్నం నుంచి వచ్చి, ఒకడు కుర్చీలో కూర్చుంటే ముగ్గురు వెనక నిలబడి కేకలు వేసేవాళ్ళు. ఆ కేకలతోనే నా ఇల్లు గడిచేది.

ఒక రోజు ఉదయం చెల్లెలు ఆఫీసుకు పోకుండా నేరుగా సెంటరుకొచ్చింది.

"అన్నా, ఆయన రాజీనామా ఇచ్చేసినాడు."

"ఎందుకమ్మా?"

"ఇంట్లో కూర్చుని ఆటలు చేస్తాడంట. పరదేశంలో ఎవురో వెబ్‌సైటులో అమ్ముతారంట."

"నేను బడి మానేసి ఆడుకుంటే నాయన బెల్టు తీసినాడు. ఈయన జీతం మానేసి ఆడుకుంటా అంటే నువ్వు కాఫీ పెట్టిస్తా ఉండావు."

"నవ్వద్దు. సర్జాపుర రోడ్డులో ఫ్లాటు బుక్ చేసుండాము, తెలుసు కదా. ఈయన ఉద్యోగం లేకుంటే అది పోయినట్టే. మేనేజరు మంచోడు, నెలాఖరు లోపల వెనక్కి తీసుకునేదుంటే తీసుకో అన్నాడంట. నేను చెప్తే ఈయన వినేలా లేడు. నీ సెంటర్లో ఆ ఆట పెట్టు. జనాలు ఉన్నదున్నట్టు చెప్తే బుద్ధొస్తాది."

"మా జనాలు ఉన్నదున్నట్టు చెప్పరమ్మా. ఉన్నదానికి నాలుగు కలిపి చెప్తారు."

"అదే కావల్సింది," అని ఆటో ఎక్కి పోయింది.

నాకు దాచుకునే అలవాటు లేదు. బావ సీడీ పట్టుకుని వచ్చిన వెంటనే, "బావా, నిన్ను నలుగురితో తిట్టించమని నీ పెండ్లాము నాకు పని అప్పజెప్పింది," అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "సూపర్ బావా! ఆఫీసులో ఎవరికి చూపించినా ఫెంటాస్టిక్ అంటాడు. ఒక్కడూ నిజం చెప్పట్లేదు. నాకు హానెస్ట్‌గా చెప్పేవాళ్ళే కావాలి."

ఆట ఏమిటంటే, ఇల్లు మారడం. తెర మీద గళ్ళు గీసిన ఖాళీ ఇల్లు, దానికి ఒకే వాకిలి. బయట టెంపోలో సామాన్లు: బీరువా, మంచం, రుబ్బురాయి, డబ్బాలు, చిన్న దేవుడి పటం. ఒక్కొక్కటీ లోపలికి తోయాలి. తోసినదాన్ని మళ్ళీ వెనక్కి లాగడానికి లేదు. అన్నీ ఇంట్లో పట్టాలి. ఒక ఇల్లు సర్దితే ఇంకాస్త ఇరుకైన ఇల్లు వస్తుంది. బెంగుళూరులో అద్దె ఇళ్ళు మారి మారి నడుము పడిపోయిన జనానికి, సాయంత్రం సరదాగా ఆడుకోవడానికి ఇంకోసారి ఇల్లు మారడం! ఇంత దయగల మనిషిని నేను చూడలేదు.

మొదట కూర్చున్నది ఒక కాలేజీ కుర్రాడు. రోజూ నా సెంటర్లో పదిమందిని కాల్చిగానీ ఇంటికి పోడు. బీరువాను ఒకసారి తోసి, వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"ఏమన్నా ఇది? ఇంట్లో అమ్మ మంచం జరపమంటేనే నేను జరపను. ఇక్కడ దుడ్డు ఇచ్చి జరపల్లనా?"

బావ వెనకాలే నిలబడి ఉన్నాడు. "ఆలోచించి ఆడాలమ్మా. థింక్ చెయ్."

"గంటకింతని లెక్క పెట్టి ఇస్తా ఉంటే థింక్ ఎట్ల చేసేది సార్? థింక్ చేసేది ఇంట్లో ఫ్రీగా చేసుకుంటాను."

ఆ తర్వాత పక్కన కిరాణా అంగడి పెద్దాయన వచ్చాడు. మాకు దూరపు చుట్టం. కొడుకు ఉత్తరాలు చూసుకోవడానికి వచ్చి, బావ బతిమాలితే కూర్చున్నాడు. మౌసును సబ్బు పట్టుకున్నట్టు పట్టుకుని, మొట్టమొదట దేవుడి పటాన్ని ఇంట్లోకి తోశాడు. తోసి, తూర్పు గోడ దాకా తీసుకుపోయి మూలన నిలబెట్టి, తృప్తిగా చేతులు దులుపుకున్నాడు. ఆ తర్వాత బీరువా పట్టలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ పటమే ముందు.

"అండీ, పటం లాస్ట్‌లో పెట్టాలి," అన్నాడు బావ.

"ఏమంటివి?"

"అది ఒకటే గడి. అన్నిటికంటే చిన్నది. చివర్లో వాకిలి పక్కన మిగిలే సందులో అదొక్కటే పడుతుంది. అదే ఈ పజిల్ అండీ."

పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. "కొత్తింట్లోకి బీరువా ముందు పోయి, దేవుడు కడగా పోయేది మీ ఊర్లో ఉండాదా అప్పా? పాలు పొంగించకముందే రుబ్బురాయి దొర్లిస్తారా? వాకిట్లో చెప్పులు విడిచేచోట దేవుణ్ణి నిలబెడతారా?"

బావకు ఆ విషయం తెలియక కాదు, తట్టలేదు. ఆయన పెళ్ళయ్యాక కొత్తింట్లో దిగినప్పుడు పటం పట్టుకుని ముందు నడిచింది మా చెల్లెలు. ఈయన కింద లారీ దగ్గర తన కంప్యూటర్ డబ్బాను ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాస్తున్నాడు.

అక్కడ మొదలైంది గొడవ. ఎవరు కూర్చున్నా ముందు పటమే తోసేవాళ్ళు. చెప్పినా అంతే. చెయ్యి దానంతటదే అటు పోయేది. కాడుగోడి నుంచి ఒక టెంపో డ్రైవరు వచ్చేవాడు, రోజూ ఇళ్ళు మార్చడమే ఆయన పని. ఆయన కూడా పటం లోపల పెట్టి, మిగతావి పట్టక, కీబోర్డును అరచేత్తో కొట్టి, "ఈ ఇల్లు కట్టినోడు ఎవడప్పా? నాకు చూపించు, వాణ్ణి టెంపోలో వేసుకుపోయి చెరువులో దించి వస్తాను," అన్నాడు. కట్టినవాడు వెనకే నిలబడి ఉన్నాడు. నేను పరిచయం చేశాను. అలాంటి అవకాశం నేను వదులుకోను.

మామూలు మనిషయితే ఈ మాటలకు సీడీ విరిచేసి ఇంటికి పోతాడు. మా బావ ఆ తిట్లు తిని లావెక్కాడు. రోజూ సాయంత్రం వచ్చి కుర్చీల వెనక తిరుగుతూ, తిట్లన్నీ అక్షింతల్లా మీద వేసుకునేవాడు. ఎంత తిడితే అంత హుషారు. "చూశావా బావా, మొదటి ఇల్లే దాటలేకపోతున్నారు. ఎంత డెప్త్ ఉందో చూడు. వాళ్ళకి ఇష్టం లేకపోతే ఇంత కోపం ఎందుకొస్తుంది?" అనేవాడు.

"నా చెప్పు కరిచినా కోపమొస్తాది బావా. అంతమాత్రాన చెప్పులో లోతు ఉండాదని కాదు," అన్నాను. వినలేదు.

చెల్లెలు మాత్రం రోజూ ఫోను చేసి, "ఇంకా ఎంతమంది తిట్టల్ల అన్నా?" అని అడిగేది. నెలాఖరు దగ్గరపడుతోంది. ఆమె మందు వేసినకొద్దీ రోగం బలుస్తోంది.

చివరికి నా కొంప కూడా అంటుకుంది. పెద్దాయన మళ్ళీ ఒకసారి ప్రయత్నించి, మళ్ళీ ఇరుక్కుని, బావతో వాదనకు దిగాడు. బావ ఓపిక నశించి, "అండీ, ఇందులో దేవుడు లేడు. ఒక గడి ఉంది, అంతే," అన్నాడు.

"దేవుడు ఒక గడా?" పెద్దాయన లేచి నిలబడ్డాడు. నా వైపు తిరిగి, "మీ నాయన బతికుంటే ఇట్లాంటి అంగడి పెట్టనిచ్చేవాడా రా?" అని చెప్పులు వేసుకుని పోయాడు. మర్నాడు నేను చక్కెర కోసం పోతే, బస్తా ఎదురుగానే పెట్టుకుని, లేదన్నాడు.

"బావా, పటం తీసెయ్," అన్నాను. "గడే కదా. దాని చోట ఏదో ఒకటి పెట్టు. నాకు కాఫీలో చక్కెర లేకుండా పోయింది."

"అవును, లాజిక్ మారదు," అన్నాడు ఆయన. మర్నాడు పటం బదులు చిన్న చెక్క పీట బొమ్మ పెట్టుకుని వచ్చాడు. గళ్ళు అవే, గోడలు అవే.

ఆ మధ్యాహ్నం కాలేజీ కుర్రాడు కూర్చున్నాడు. బీరువా తోశాడు, మంచం తోశాడు, రుబ్బురాయి దొర్లించాడు, పీటను వాకిలి పక్కన పడేశాడు. తర్వాతి ఇల్లు. దాని తర్వాతి ఇల్లు. వెనక నిలబడ్డ ముగ్గురూ ఒక్క కేక కూడా వేయలేదు, వేయడానికి ఏమీ లేదు. బావ నెలల తరబడి కట్టిన వీధి మొత్తం, నేను తెప్పించిన టీ చల్లారే లోపల కుర్రాడు సర్దేశాడు. టెంపో డ్రైవరు ఇంకా తొందరగా ముగించాడు.

"ఎలా ఉంది?" అన్నాడు బావ.

"బాగుండాది సార్," అన్నాడు కుర్రాడు. చాలా మర్యాదగా అన్నాడు. అని, దాన్ని మూసేసి తన కాల్చుకునే ఆట తెరిచాడు.

"బాగుండాదప్పా, టైంపాస్‌కి," అన్నాడు డ్రైవరు, తాళాలు తీసుకుంటూ.

తిట్లతో లావెక్కిన మనిషి, ఆ రెండు మంచి మాటలకు కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి నన్ను పిలిచాడు.

"నువ్వు చెప్పు బావా. జోకులొద్దు."

"జోకు లేకుండా చెప్పేకి నాకు రాదు," అన్నాను. ఆయన ముఖం చూసి మళ్ళీ చెప్పాను: "ఇన్నాళ్ళూ వాళ్ళు నీ పజిల్‌తో తన్నుకోలేదు బావా. దేవుడి పటంతో తన్నుకున్నారు. పటం పోతే లోపల ఏమీ లేదు."

"నాకూ అదే అనిపించింది," అన్నాడు. సీడీ జేబులో పెట్టుకున్నాడు. ఆ సోమవారం పొద్దున్నే ఆఫీసుకు పోయి రాజీనామా వెనక్కి తీసుకున్నాడు. చెల్లెలు నాకు మైసూరుపాకు పంపించింది. తిన్నాను. రుచి తెలియలేదు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఆమె మళ్ళీ సెంటరుకొచ్చింది. ఈసారి ముఖం ఇంకా అధ్వాన్నంగా ఉంది.

"అన్నా, మీరంతా ఆయనకు ఏమి చెప్పినారు?"

"నువ్వు చెప్పించమన్నదే."

"ఇప్పుడు ఏమడిగినా బాగుంది అంటాడు. సాంబారులో ఉప్పు వేసేది మరిచిపోయినాను, బాగుంది అన్నాడు. ఫ్లాటుకి టైల్స్ తెచ్చి చూపిస్తే, అన్నీ బాగున్నాయి అన్నాడు. ముందు ఒక చెంచా కొనాలన్నా నాతో అరగంట వాదన పెట్టుకునేవాడు. నాకు భయమేస్తా ఉండాది. నువ్వొచ్చి నాలుగు తిట్టు."

"ఏమ్మా, తిట్లకు నేనేమన్నా కూలిమనిషినా?"

"రా అన్నా."

పోయాను. బావ కింద కూర్చుని అన్నం తింటున్నాడు. ఎదురుగా కూర్చుని మొదలుపెట్టాను.

"బావా, నీ ఆట పరమ దరిద్రం."

"అవును బావా," అన్నాడు, తలెత్తకుండా.

ఇది పని చేయదని తెలిసిపోయింది. నాకు ఆ గళ్ళ గురించి ఏమీ తెలియదు. అయినా నోటికొచ్చింది వదిలాను. "పటం ముందు పెట్టి కూడా మిగతావన్నీ పట్టించొచ్చు. నీకు చేసేకి చేత కాలేదు, పీట పెట్టి తప్పించుకున్నావు."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "కుదరదు బావా. ఇంపాజిబుల్."

"మా కాడుగోడి డ్రైవరును అడుగు, కుదురుతాది."

"ఎలా కుదురుతుంది? ఇటు చూడు." ఎడమ చేత్తో ఊరగాయ జాడీని ముందుకు జరిపాడు. పెరుగు గిన్నెను దాని పక్కకు తోశాడు. మంచినీళ్ళ చెంబుతో వాకిలి మూశాడు. "ఇది బీరువా అనుకో."

"ఊరగాయ జాడీ బీరువా ఎట్లయితాది? బుద్ధుండాదా?"

"అనుకో అంటున్నాను కదా!" అని అరిచాడు.

ఆ అరుపుకి వంటింట్లో చెల్లెలి గిన్నెల చప్పుడు ఆగింది.

"అనుకోను," అన్నాను.