మా నాయన చేసిన బిలియర్డ్స్ కర్ర

మా చిన్నప్పుడు... మా నాయన నెల రోజులు కూర్చుని ఒక బిలియర్డ్స్ కర్ర చేశాడు. ఇప్పుడు దాన్ని మన ప్రొద్దుటూరు క్లబ్బు సెక్రటరీ నారాయణ శెట్టిగారు ఇంగ్లండు సరుకని చెప్పుకుంటున్నారు. ఇది అన్యాయం. ఎందుకో చెబుతాను...

అప్పుడు ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్త. మేము జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. మా నాయన సుబ్బాచారి మగ్గాలకు నాడెలు చేసేవాడు... పడుగులో అటూ ఇటూ దూకుతూ పేకను నడిపే నాడెలు. ఇక్కడి నుంచి పులివెందుల దాకా నేతగాళ్ళు ఆయన నాడె దొరికితే కళ్ళకద్దుకునేవాళ్ళు.

ఒకరోజు తాసిల్దారుగారు విరిగిన కర్ర పట్టుకుని మా వసారాలోకి వచ్చారు. మనిషి పొట్టి. మద్రాసులో కొన్న కర్రలన్నీ ఆయనకు పొడవట... తన కొలతకు ఒకటి చేసిపెట్టమన్నారు.

దీంతో ఏం చేస్తారని నాయన అడిగాడు. బల్ల మీద గుండ్లను కొడతామన్నారు. కొడితే ఏం తయారవుతుందని నాయన. ఏమీ తయారు కాదన్నారు ఆయన. ఏమీ తయారు చేయని పనిముట్టు గురించి నాయన వినడం అదే మొదలు... ఆ మాట తలుచుకుని వారం రోజులు నవ్వాడు.

కొలత తీసిన తీరు చూడాలి... నాయన తలుపు ఊడదీసి నులకమంచం మీద పరిచాడు. తాసిల్దారుగారు వంగి, ఆ విరిగిన కర్రతోనే, గుండుకు బదులు వంటింటి ఎర్రగడ్డను గురిచూసి కొట్టారు. అది దొర్లుకుంటూ పొయ్యి దగ్గరికి పోయింది. నేనూ చెల్లెలూ దాని వెంట పరుగు. ఆట వాళ్ళదీ ఎర్రగడ్డలు మనవీనా అని లోపల అమ్మ గొణుగుడు... నాయన మాత్రం ఎర్రగడ్డ వైపు చూడనే లేదు. తాసిల్దారుగారి మోచెయ్యి ఎక్కడ ఆగుతోందో, పిడికిలి ఎక్కడ బిగుస్తోందో, అదే చూస్తూ కూర్చున్నాడు.

నల్లగా, గట్టిగా ఉండే ఇరుగుడు చెక్కతో చేశాడు. బరువుకు పిడిలో సీసం పోశాడు. నాడె కొసకు వేసే ఎనుము కొమ్మునే దీని కొసకూ తొడిగాడు.

నాయనకు చదువు రాదు. తను చేసిన ప్రతి నాడె అడుగున, బొటనవేలు ఆనే చోట, రెండు గుంటలు తొలిచేవాడు... ఒకటి వడ్లగింజంత, ఒకటి నువ్వుగింజంత. ఈ కర్ర పిడికీ తొలిచాడు. మెరుగు పెట్టాక అవి కంటికి ఆనవు.

తాసిల్దారుగారు పులివెందులకు బదిలీ అయి పోతూ కర్రను తాను వచ్చి ఆడే ఈ ప్రొద్దుటూరు క్లబ్బుకు ఇచ్చి వెళ్ళారట. అది మాకు తెలియదు.

మొన్న క్లబ్బులో బల్ల మీది పచ్చగుడ్డ చిరిగితే, దారంతో అల్లి సరిచేయడానికి నేత ఓబులేసు మామను పిలిచారు. నేను ఈ ఊళ్ళో ఉంటున్నది ఆయన ఇంట్లోనే కనుక వెంట వెళ్ళాను. మామ బల్ల మీది కర్రను పక్కన పెట్టబోయి ఆగిపోయాడు. బొటనవేలు పిడి మీద ముందుకూ వెనక్కూ కదిలింది.

"ఇది మీ నాయన చేసింది గదప్పా," అన్నాడు మెల్లగా.

శెట్టిగారు నవ్వి, కర్రను కిటికీ వెలుతురులో తిప్పి చూపారు. "పేరు యాడుందో సూపీప్పా. ఒక్క అచ్చరమన్నా ల్యాకుండా ఎట్ల నమ్మేది?"

"అచ్చరాలు కంటికి, శెట్టీ. నాడె చేసేటోడు యేలికి రాస్తాడు. మగ్గం మింద కూసున్నోడు నాడెను సూచ్చాడా యాడన్నా?"

శెట్టిగారు వేలు పెట్టి చూడనైనా లేదు... ఆయన చెడ్డవారు కాదు. మన గ్రంథాలయానికి పత్రికలు తెప్పించేది ఆయనే. కానీ మంచి పని ఇంగ్లండులోనే జరుగుతుందని ఆయన నమ్మకం. స్వరాజ్యం వచ్చింది, రాష్ట్రం వచ్చింది, ఆ నమ్మకం మాత్రం పోలేదు. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు, క్లబ్బు వార్షికోత్సవంలో, ఆ పిడికి ఇంగ్లండు కంపెనీ పేరు చెక్కిన ఇత్తడి కట్టు బిగిస్తారట. అది సరిగ్గా ఆ గుంటల మీదే పడుతుంది. ఆ తర్వాత ఏ వేలికీ మా నాయన దొరకడు.

జమ్మలమడుగు పోయి నాయనకు చెప్పాను. ఇప్పుడు ఆయన చేతులు వణుకుతాయి... ఉలి పట్టడం మానేశాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను.

"కర్ర వంగిందా?" అన్నాడు.

లేదన్నాను.

"అట్లయితే సాల్లేరా," అని పక్కకు తిరిగి పడుకున్నాడు.

నాకు చాలదు.

ఆ రోజుల్లో వస్తువు చేతిలోకి తీసుకుంటే చేసిన మనిషి గుర్తొచ్చేవాడు... ఇప్పుడు ముందు కంపెనీ పేరు వెతుకుతున్నాం. మీ ఇళ్ళల్లోనూ, ఎవరు చేశారో మీకు మాత్రమే తెలిసిన వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. ఈ గోడపత్రిక అడుగున ఖాళీ వదిలాను. దాని సంగతి రాయండి... చేసినవాళ్ళ పేరు మరిచిపోకండి.

ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు క్లబ్బు గేటు ముందు కలుద్దాం. నేతగాళ్ళు తప్పక రావాలి. గొడవ వద్దు. ఆ కట్టు బిగించే లోపల ఒక్కొక్కరుగా వెళ్ళి కర్రను చేతిలోకి తీసుకుందాం, ఎవరు చేశారో పైకి చెబుదాం. ఆఖరున శెట్టిగారిని కూడా ఆ పిడి పట్టుకోమందాం.