సలోమి పిన్నిగారి రిమోట్

కొత్త రిమోట్ ప్యాకెట్టు విప్పగానే రబ్బరు వాసన వస్తుంది. తెనాలిలో నేను పనిచేసే టీవీల షాపులో రోజుకు నాలుగైదుసార్లయినా ఆ వాసన నా ముక్కుకు తగులుతుంది. మిగతావాళ్ళకి అది పట్టదు. నాకు మాత్రం సలోమి పిన్నిగారు గుర్తొస్తారు. ఆవిడ నాకు బంధువు కాదు. మా అద్దె ఇంటికి గోడ అవతల ఒంటరిగా ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. బాపట్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు బోర్డు వంక చూడకుండానే లైన్లు కలిపిన ఆ వేళ్ళు, నేను చూసేనాటికి కీళ్ళవాతంతో వంకర్లు తిరిగి అల్లం కొమ్ముల్లా ఉండేవి.

మా షాపు నుంచి ఆవిడకి మొదటి రిమోట్ ఇచ్చింది నేనే. టీవీకి ఒకటి, సెట్‌టాప్ బాక్సుకి ఒకటి, రెండింటితో అవస్థ పడుతున్నానంటే, అన్నిటికీ పనిచేసే యూనివర్సల్ రిమోట్ తెచ్చాను. సన్నగా, నాజూగ్గా, ఒంటినిండా బటన్లతో ఉండేది. మా షాపులో ఇంతకన్నా మంచిది లేదని గొప్పలు కూడా చెప్పాను. మూడోరోజు పిన్నిగారు గోడ మీంచి పిలిచారు.

"ఇలా రా అమ్మాయ్. చెయ్యి చాపు."

చాపాను. పాత చీర పేలిక తీసి నా నాలుగు వేళ్ళూ కలిపి కట్టడం మొదలుపెట్టారు. ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది. సాయం చేస్తానన్నా ఒప్పుకోలేదు. కట్టాక రిమోట్ నా చేతిలో పెట్టి, "ఇప్పుడు సౌండు తగ్గించు" అన్నారు. నొక్కితే చానెల్ మారింది. మళ్ళీ నొక్కితే తెర నిండా ఏవో అక్షరాలొచ్చాయి. మూడోసారి రిమోటే జారి కిందపడింది.

"మంచిదన్నావుగా. ఎవరి చేతికి మంచిది?"

నాకు సిగ్గేసింది. "మార్చి తెస్తానండి పిన్నిగారూ" అన్నాను.

"నువ్వు తెచ్చేదేంటి? చెయ్యి నాది. నేనే వస్తాను."

మర్నాడు ఆటోలో వచ్చారు. అట్టపెట్టెల మీద రాసింది నన్ను చదవనివ్వలేదు. ఒక్కొక్క రిమోటూ అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. నున్నగా ఉన్నవి జారతాయని పక్కన పెట్టారు. బొటనవేలి కణుపుతో నొక్కి, బటన్ గట్టిగా ఉంటే మొహం చిట్లించారు. కళ్ళు మూసుకుని తడిమి, ఏది ఎక్కడుందో తెలుస్తుందా అని చూసుకున్నారు. గంట తర్వాత లావుగా, గరుకు వీపుతో, పెద్ద పెద్ద బటన్లు ఎడంఎడంగా ఉన్నదాన్ని ఎంచారు. మా ఓనరు నవ్వి, "అది బొమ్మలా ఉందని ఎవరూ అడగరండి, మూల పడేశాం" అన్నాడు. "ఎవరికి కావాలో మీరూ అడగలేదు కదండీ" అన్నారావిడ. ఆ రోజునుంచే నేను కౌంటరు దగ్గర ముందు మనుషుల చేతులు చూడటం మొదలుపెట్టాను.

రెండేళ్ళ తర్వాత పిన్నిగారికి పక్షవాతం వచ్చింది. కుడివైపు చచ్చుబడింది, మాట పోయింది. రేపల్లెలో ఉండే అన్న కొడుకు తనింటికి తీసుకెళ్ళాడు. కొన్ని నెలలకి ఒక ఆదివారం బస్సెక్కి చూడ్డానికి వెళ్ళాను. మంచానికి ఎదురుగా గోడకి పెద్ద టీవీ. అందులో ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు. రిమోట్ అల్మరా మీద ఉంది. "అత్తమ్మగారి కాలక్షేపానికని పొద్దున్నుంచీ పెట్టే ఉంచుతామండి" అంది ఆ అబ్బాయి భార్య. పిన్నిగారు మాత్రం టీవీ వంక చూడటం లేదు, పైకప్పు వంక చూస్తున్నారు. నన్ను చూడగానే ఎడమచెయ్యి ఎత్తి, వేలితో గాలిలో ఏదో నొక్కినట్టు చేశారు. నీళ్ళా అన్నాను. ఫ్యానా అన్నాను. మళ్ళీ అలాగే నొక్కారు. అప్పుడర్థమై, లేచి టీవీ ఆపాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. కంటి కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి.

వంటింట్లోంచి కేక వినపడింది. "ఏంటండీ, ఆపేశారు? పని చేసుకుంటూ వింటున్నాను."

పై ఆదివారం, వేరే రిమోట్‌ని ఎదురుగా పెట్టి నొక్కితే దాని పని నేర్చుకునే రకం రిమోట్ ఒకటి పట్టుకెళ్ళాను. రెండే రెండు బటన్లు వదిలి మిగతావన్నీ గట్టి అట్టతో కప్పేశాను. ఒకటి టీవీ ఆపడానికి, ఒకటి సౌండు తగ్గించడానికి. దాన్ని ఆవిడ ఎడమచేతి కిందికి వచ్చేలా మంచం కడ్డీకి కట్టాను. చాలాసార్లు వేలు తప్పింది. చివరికి టీవీ ఆగింది. పిన్నిగారి పెదవి ఒక పక్కకి వంగింది. అది నవ్వే. "భలే ఉందండి" అంది ఆ ఇంటి ఇల్లాలు.

ఆ తర్వాత షాపులో పండగల హడావిడి. వెళ్దాం, వెళ్దాం అనుకుంటూ రెండు నెలలు వెళ్ళలేదు. ఆవిడ పోయారని ఫోన్ వచ్చాకే వెళ్ళాను. సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి చూస్తే, పరుపు చుట్టేశారు గానీ రిమోట్ కడ్డీకి అలాగే ఉంది. ఊరికే నొక్కాను. టీవీ వెలగలేదు. వెనక మూత తీస్తే బ్యాటరీలు లేవు.

"అవాండీ? సరిగ్గా మంచి సీను వచ్చినప్పుడే ఆపేసేవారు. రెండోవారమే తీసేశాం" అంది ఆమె. ఆ గొంతులో కోపమూ లేదు, తప్పు చేశామన్న బెరుకూ లేదు. "పాపం, ఆవిడకి తెలియక నొక్కుతూనే ఉండేవారు."

మూత పెట్టేసి, వాళ్ళు వడ్డించిన అన్నం తిని, బస్సెక్కాను.

ఇప్పుడు ఎవరైనా మంచాన ఉన్నవాళ్ళకి రిమోట్ కావాలంటే, వాళ్ళ వేళ్ళు ఎంతవరకు వంగుతాయో అడుగుతాను. తర్వాత, "వాళ్ళు ఆపేస్తే మీరు ఊరుకుంటారా అండీ?" అని కూడా అడుగుతాను. కొందరు నవ్వుతారు. ఒకాయన విసుక్కుని వెళ్ళిపోయాడు. అయినా అడగడం మానలేదు. ఆ మాట నేను అడగవలసిన ఇంట్లో అడగలేదు. అన్ని వారాలు ఆ బటన్ మీద వేలు పెట్టి నొక్కుతూ పిన్నిగారు ఏమనుకున్నారో నాకు తెలియదు. ఉన్న ఆ ఒక్క చెయ్యి కూడా పోయిందనుకున్నారో, ఈసారీ నేను పనికిరానిదే తెచ్చిచ్చాననుకున్నారో.